ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ అంటే లివర్ బాగున్నట్టేనా? ఏ ప్రశ్నకు ఏ పరీక్ష

మా నాయనకు చుక్క మందు అలవాటు లేదు. పాకాల దగ్గర మా ఊళ్లో చెనక్కాయల వ్యాపారం చేసేవాడు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. ఏటా ఒకసారి తిరుపతికి పిలుచుకొచ్చి ఫుల్ బాడీ చెకప్ చేయించేవాళ్లం. ఆరేళ్లు వరసగా లివర్ పరీక్ష, అంటే ఎల్‌ఎఫ్‌టీ (లివర్ ఫంక్షన్ టెస్ట్), నార్మల్ అనే వచ్చింది. కడుపు స్కానింగ్‌లో మొదట్లో ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని రాసేవాళ్లు, తర్వాత ‘గ్రేడ్ 1’ అని రాశారు. తగ్గిందని మేమంతా సంతోషపడ్డాం.

ఏడో ఏడు ఒకరోజు ఆయనకు తారులాగా నల్లటి విరేచనం అయింది. ఎండోస్కోపీలో అన్నవాహిక అడుగున రక్తనాళాలు ఉబ్బి, ఒకటి చిట్లిందని తేలింది. లివర్ సిర్రోసిస్ అన్నారు. ఆ రాత్రి డాక్టరుగారు పాత కాగితాలన్నీ తెమ్మని, ఏడాది వరసలో టేబుల్ మీద పరిచి, ఒక్క అంకె కింద మాత్రం పెన్నుతో గీతలు గీశారు. అది ఎల్‌ఎఫ్‌టీలో లేదు. మామూలు రక్తపరీక్ష సీబీపీలో ఉంది. ప్లేట్‌లెట్లు: 2 లక్షల 10 వేలు, 1 లక్ష 90 వేలు, 1 లక్ష 60 వేలు, 1 లక్ష 40 వేలు, 1 లక్ష 20 వేలు, చివరికి 98 వేలు.

ఆ కాగితాలు అన్నాళ్లూ మా ఇంటి బీరువాలోనే ఉన్నాయి. చదవడం తెలియక చదవలేదు. మన తిరుపతిలో ప్లేట్‌లెట్లు అనగానే అందరికీ డెంగీ గుర్తొస్తుంది, బొప్పాయి ఆకు రసం గుర్తొస్తుంది. జ్వరం లేకుండా ప్లేట్‌లెట్లు ఏటేటా తగ్గుతుంటే లివర్ వైపు చూడాలని మాకెవరూ చెప్పలేదు.

నేను డాక్టర్‌ని కాను. నాయన వెంట మూడేళ్లు ఆసుపత్రులు తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. లివర్ కోసం ఇన్ని పరీక్షలున్నాయి, వాటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి అనే ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఒకటే. ముందు మీరు లివర్‌ని ఏం అడగాలనుకుంటున్నారో తేల్చుకోండి. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. తప్పు ప్రశ్నకు వచ్చిన ‘నార్మల్’ చాలా ప్రమాదం.

లివర్ ఎలా చెడిపోతుంది

పెద్దవాళ్లలో లివర్ బరువు దాదాపు కిలోన్నర. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. కొంత భాగం కోసేసినా మళ్లీ పెరిగే అవయవం అది. ఆ ఓర్పే మనకు శత్రువు కూడా. సగం చెడినా నొప్పి లేకుండా పని చేసుకుంటూ పోతుంది.

కారణం ఏదైనా, మద్యం కానీ షుగర్, లావు వల్ల చేరే కొవ్వు కానీ హెపటైటిస్ బి, సి వైరస్‌లు కానీ, దారి ఇంచుమించు ఒకటే. లివర్ కణాలు దెబ్బతింటాయి, వాపు వస్తుంది. వాపు ఏళ్ల తరబడి ఉంటే పుండు మానిన చోట మచ్చ పడ్డట్టు లోపల నారలాంటి పదార్థం పేరుకుంటుంది. దీన్ని ఫైబ్రోసిస్ అంటారు. అది ముదిరి లివర్ గట్టిపడి గడ్డలు గడ్డలుగా మారితే సిర్రోసిస్. గట్టిపడిన లివర్ గుండా రక్తం సాఫీగా పోలేదు. వెనక్కి తన్ని ప్లీహం పెరుగుతుంది, పెరిగిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచేస్తుంది. నాయన కాగితాల్లో ఏడాదికేడాది పడిపోయిన ఆ అంకె వెనక ఉన్న కథ ఇదే.

అంటే మనం అడగాల్సిన ప్రశ్నలు కొన్ని విడివిడిగా ఉన్నాయి. ఇప్పుడు కణాలు దెబ్బతింటున్నాయా? లివర్ తన పని చేయగలుగుతోందా? ఎంత గట్టిపడింది? కారణం ఏమిటి? గడ్డ ఏమైనా ఉందా? ‘లివర్ టెస్టు చేయించాను’ అంటే వీటిలో ఏది చేయించామో మనకే తెలియాలి.

ఎల్‌ఎఫ్‌టీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది, వీధివీధికీ ల్యాబ్ ఉంది, సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. అందుకే అందరూ ముందు చేయించేది ఇదే. అందులో తప్పు లేదు. పేరులో ‘ఫంక్షన్’ అని ఉన్నా, మనం మొదట చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లివర్ పనితీరును కొలవవు. అవి కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. ఇప్పుడు నిప్పు ఉందా లేదా అని చెబుతాయే తప్ప, ఇల్లు ఎంత కాలిపోయిందో చెప్పవు. సిర్రోసిస్ ఉన్న చాలామందిలో ఇవి నార్మల్‌గానే ఉంటాయి.

పనితీరు చెప్పేవి అదే కాగితంలో కింద ఉంటాయి. ఆల్బుమిన్ లివర్ తయారు చేసే ప్రొటీన్, మామూలుగా 3.5 పైన ఉండాలి. దాని ఆయుష్షు మూడు వారాల దాకా ఉంటుంది కాబట్టి నిదానంగా ముదిరే జబ్బును పట్టిస్తుంది. రక్తం గడ్డకట్టే సమయం చెప్పే పీటీ–ఐఎన్‌ఆర్ రోజుల్లోనే మారిపోతుంది. అందుకే హఠాత్తుగా కామెర్లు వచ్చినప్పుడు చూడాల్సింది ఇది. మామూలు ఎల్‌ఎఫ్‌టీలో ఇది ఉండదు, విడిగా అడిగి చేయించుకోవాలి.

ఎస్‌జీపీటీకి ల్యాబులు కాగితం మీద 40, 45, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే పరిమితిగా అచ్చు వేస్తాయి. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకం మగవాళ్లకు 29 నుంచి 33, ఆడవాళ్లకు 19 నుంచి 25 దాకానే ఆరోగ్యకరమైన హద్దు అంది. అంటే ఎస్‌జీపీటీ 38 ఉన్న ఆడమనిషికి ‘నార్మల్’ అని రాసిచ్చినా, ఆమెకు షుగర్, నడుము చుట్టూ లావు ఉంటే డాక్టరుతో మాట్లాడాల్సిన విషయమే.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కంటే రెట్టింపు దాటితే మద్యం వల్ల దెబ్బతిన్నదేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. జీజీటీ అనే ఇంకో ఎంజైము కూడా పెరిగి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము బాగా పెరిగితే పైత్యనాళంలో అడ్డు ఉందా అని చూస్తారు. అది ఎముకల నుంచీ వస్తుంది కాబట్టి ఎదిగే పిల్లల్లో ఎక్కువే ఉంటుంది, భయపడక్కర్లేదు. ఇంకొక మాట. ఎస్‌జీఓటీ కండరాల్లోనూ ఉంటుంది. అలవాటు లేకుండా అలిపిరి 3,550 మెట్లు ఎక్కి, కాళ్లు పట్టేసిన మర్నాడు పరీక్షకు రక్తం ఇవ్వకండి. ఓ వారం ఆగండి.

కామెర్లలో కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ ఒక్కటే కాస్త ఎక్కువగా, 1.5, 2 అని వచ్చి, మిగతావన్నీ బాగుంటే, అందులోనూ ‘ఇన్‌డైరెక్ట్’ భాగమే ఎక్కువైతే, చాలాసార్లు అది గిల్బర్ట్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చే చిన్న తేడా. ఉపవాసం ఉన్నరోజు, జ్వరం వచ్చినప్పుడు పెరుగుతుంది. హాని లేదు, మందు లేదు. మా చిన్నాన్న కొడుక్కి పెళ్లిచూపుల ముందు ఈ అంకె చూసి ఇల్లంతా టెన్షన్ పడ్డారు. డాక్టరు అయిదు నిమిషాల్లో తేల్చేశారు.

పైసా ఖర్చు లేని లెక్క: ఫిబ్–4

దీని గురించి ఎక్కువ రాస్తాను. ఎవరికీ తెలియకుండా పోతున్నది ఇదే.

నాలుగు అంకెలు చాలు: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. అది పైన. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని (1,50,000 అయితే 150) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. అది కింద. పైదాన్ని కిందిదానితో భాగిస్తే వచ్చేదే ఫిబ్–4. నెట్‌లో ఆ పేరు కొడితే లెక్క చేసి పెట్టే పేజీలు వస్తాయి.

నాయన నాలుగో ఏటి కాగితం చూద్దాం. వయసు 60, ఎస్‌జీఓటీ 42, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1,40,000. అరవైని నలభై రెండుతో గుణిస్తే 2,520. ముప్పై ఆరు వర్గమూలం 6, దాన్ని 140తో గుణిస్తే 840. జవాబు 3.0. అదే వయసు, అవే ఎంజైములు ఉండి ప్లేట్‌లెట్లు 3,50,000 ఉన్న మనిషికి జవాబు 1.2.

1.3 లోపు ఉంటే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. మధ్యలో ఉంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించి తేల్చుకోవాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు కింది హద్దు 1.3 బదులు 2గా తీసుకుంటారు. 35 ఏళ్ల లోపువాళ్లకు ఈ లెక్క సరిగా పనిచేయదు. డెంగీ, మరేదైనా జ్వరం ఉన్నప్పుడు వేస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది, కోలుకున్నాక వేయాలి. జబ్బు ఉందని ఈ లెక్క నిర్ధారించదు. ఎవరిని ముందుకు పంపాలో చెబుతుంది. నాయన విషయంలో మూడేళ్ల ముందే చెప్పి ఉండేది.

స్కానింగా, ఫైబ్రోస్కానా?

మావాళ్లలో ఎక్కువమంది నన్నడిగే ప్రశ్న ఇదే. ‘అన్నా, స్కానింగ్ తీసినాం గదా, మళ్లా ఇదెందుకు?’ అని. రెండూ శబ్దతరంగాలతోనే పనిచేస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. వాటికి వేసే ప్రశ్నలు వేరు.

మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్ బొమ్మ చూపిస్తుంది. పిత్తాశయంలో రాళ్లు, పైత్యనాళం వెడల్పు, ప్లీహం సైజు, కడుపులో నీరు, లివర్‌లో గడ్డలు ఇందులో బాగా కనిపిస్తాయి. కామెర్లు వచ్చినవాళ్లకు ‘లోపల అడ్డు ఉందా’ అనే ప్రశ్నకు మొదట జవాబు చెప్పేది ఇదే. పరగడుపున వెళ్లాలి. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి సరిగా కనబడదు.

కొవ్వు విషయంలో మాత్రం దీనికి హద్దులున్నాయి. లివర్‌లో ఐదో వంతు దాకా కొవ్వు చేరితే తప్ప సరిగా పట్టుకోలేదు. ఇక ఆ ‘గ్రేడ్’ సంగతి. 1, 2, 3 అనేవి బొమ్మలో లివర్ ఎంత తెల్లగా కనిపించిందో చెప్పేవి, అంటే కొవ్వు అంచనా. ఎంత గట్టిపడిందో అవి చెప్పవు. గ్రేడ్ 1 అంటే చిన్న జబ్బు, గ్రేడ్ 3 అంటే ముదిరిన జబ్బు అనుకోవడం అందరం చేసే పొరపాటు. గ్రేడ్ 3 ఉండి లివర్ మెత్తగా ఉన్నవాళ్లున్నారు. లివర్ గట్టిపడేకొద్దీ కొవ్వు కరిగిపోయి, గ్రేడ్ తగ్గినట్టు కనిపించేవాళ్లూ ఉన్నారు. మేం పండగ చేసుకున్న ఆ ‘గ్రేడ్ 1’ అలాంటిదే.

ఫైబ్రోస్కాన్ బొమ్మ చూపించదు, గట్టిదనాన్ని కొలుస్తుంది. ఫ్రాన్స్‌లో తయారైన యంత్రం ఇది. పడుకోబెట్టి, కుడి చెయ్యి తల వెనక పెట్టమని, పక్కటెముకల మధ్య ఒక ప్రోబ్ ఆనించి టక్, టక్ అని పదిసార్లు తట్టినట్టు చేస్తారు. ఆ తరంగం లివర్‌లో ఎంత వేగంగా పరుగెత్తితే అంత గట్టి అన్నమాట. నొప్పి లేదు, సూది లేదు, పది నిమిషాల పని. రెండు అంకెలు ఇస్తారు. కేపీఏ అనేది గట్టిదనం, క్యాప్ అనేది కొవ్వు. జనం క్యాప్ చూసి కంగారు పడతారు. ముందు చూడాల్సింది కేపీఏ. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో అది 8 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. 8 నుంచి 12 మధ్య సందేహం. 12 దాటితే స్పెషలిస్టు లోతుగా చూడాలి. ఈ హద్దులు జబ్బును బట్టి మారతాయి, కాబట్టి మీ అంకెను పక్కింటాయన అంకెతో పోల్చుకోకండి.

అంకె తప్పుగా ఎక్కువ వచ్చే సందర్భాలు తెలిసి ఉండాలి. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. ఉచిత ఫైబ్రోస్కాన్ క్యాంపులు అప్పుడప్పుడు పెడుతుంటారు, మంచిదే, అయితే టిఫిన్ తిని, కాఫీ తాగి వెళ్లి వరసలో నిలబడితే వచ్చే అంకెకు విలువ లేదు. కామెర్లు ఉన్నప్పుడు, ఎస్‌జీపీటీ వందల్లో ఉన్నప్పుడు, గుండె బలహీనంగా ఉన్నప్పుడు లివర్ గట్టిగా ఉన్నట్టు కొలుస్తుంది. కడుపులో నీరు చేరితే కొలవడమే కుదరదు. బాగా లావుగా ఉన్నవాళ్లకు ‘ఎక్స్ఎల్’ ప్రోబ్ వాడాలి, అది ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. రిపోర్టులో ఐక్యూఆర్ అని ఒక శాతం ఉంటుంది, అది 30 దాటితే కొలతలు ఒకదానికొకటి పొంతన లేవని అర్థం. మళ్లీ చేయించాలి.

మరి ఏది? పైసలు రెండింటికీ లేకపోతే, ముందు ఫిబ్–4 లెక్క వేయండి. అది 1.3 లోపు ఉంటే మామూలు స్కానింగ్ చాలు, ఫైబ్రోస్కాన్ కోసం వేలు పెట్టక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికో, రెండేళ్లకో మళ్లీ లెక్క వేసుకుంటే సరి. 1.3 దాటితే స్కానింగ్ మళ్లీ మళ్లీ తీయించడం కంటే ఒక్క ఫైబ్రోస్కాన్ మేలు. కడుపునొప్పి, కామెర్లు, బరువు తగ్గిపోవడం ఉంటే ఫైబ్రోస్కాన్‌తో పని లేదు, వెంటనే మామూలు స్కానింగ్‌కే వెళ్లాలి.

సీటీ, ఎంఆర్‌ఐ, బయాప్సీ

సీటీ, ఎంఆర్‌ఐలను మనంతట మనం ఎంచుకోకూడదు. స్కానింగ్‌లో గడ్డ కనిపిస్తే, అది క్యాన్సరా కాదా తేల్చడానికి రంగుమందు ఎక్కించి మూడు దశల్లో తీసే సీటీ కానీ ఎంఆర్‌ఐ కానీ రాస్తారు. పైత్యనాళంలో రాయి అనుమానం ఉంటే ఎంఆర్‌సీపీ, అంటే పైత్యనాళాలను చూపించే ఎంఆర్‌ఐ. రంగుమందు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి, షుగర్ ఉన్నవాళ్లు మరీనూ.

బయాప్సీ అంటే సూదితో లివర్ ముక్క తీయడం. ఆ ముక్క మొత్తం లివర్‌లో దాదాపు యాభై వేలో వంతు. కొద్దిమందిలో రక్తస్రావం కావచ్చు. కారణం దొరకనప్పుడు, రెండు పరీక్షలు రెండు రకాలుగా చెబుతున్నప్పుడు, ఒంటి రక్షణ వ్యవస్థే లివర్‌ని తినేస్తోందన్న అనుమానం ఉన్నప్పుడు దానికి సాటి లేదు. డాక్టరు అడిగితే ‘దీనివల్ల నా మందు మారుతుందా?’ అని అడగండి. మారుతుందంటే ఒప్పుకోండి.

జీవితంలో ఒక్కసారైనా చేయించాల్సిన రెండు పరీక్షలు

హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఒంట్లో ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు లేకుండా ఉండగలవు. ఎల్‌ఎఫ్‌టీ, స్కానింగ్ రెండూ బాగున్నా అవి ఉండొచ్చు. బి కోసం హెచ్‌బీఎస్ఏజీ, సి కోసం యాంటీ–హెచ్‌సీవీ. ఖరీదైన ప్యాకేజీల్లోనూ ఇవి చాలాసార్లు ఉండవు. ముప్పై రకాల విటమిన్లు, హార్మోన్లు చూసే ప్యాకేజీ కంటే ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ, ఈ రెండూ కలిపి విడిగా రాయించుకుంటే లివర్ గురించి ఎక్కువ తెలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది.

హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చి ఆరు నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారు. అందరికీ మాత్రలు అక్కర్లేదు. వైరస్ సంఖ్య చెప్పే డీఎన్ఏ పరీక్ష, ఎస్‌జీపీటీ, గట్టిదనం చూసి నిర్ణయిస్తారు. మాత్రలు వాడినా, వాడకపోయినా జీవితాంతం పరీక్షలు తప్పవు. యాంటీ–హెచ్‌సీవీ పాజిటివ్ అయితే అది పాత ఇన్ఫెక్షన్ గుర్తు మాత్రమే కావచ్చు, ఆర్‌ఎన్ఏ పరీక్షలో వైరస్ ఉందని తేలితేనే చికిత్స. ఇప్పుడున్న మాత్రలతో ఎక్కువమందికి పన్నెండు వారాల్లో, నూటికి తొంభై అయిదుకు పైగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం.

2002కు ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఒకే సూది పదిమందికి వాడే చోట ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లు, జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు ఆలస్యం చేయకండి. గర్భిణులకు హెచ్‌బీఎస్ఏజీ తప్పనిసరి. తల్లికి ఉంటే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా, దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వేస్తే చాలావరకు బిడ్డను కాపాడుకోవచ్చు. ఇంట్లో ఒకరికి పాజిటివ్ వస్తే మిగతావాళ్లు పరీక్ష చేయించుకొని టీకా వేయించుకోవాలి. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు. ఒకే కంచంలో తిన్నందుకు ఇది అంటుకోదు. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరిది వాళ్లకే.

కామెర్లకు పసరా, పరీక్షా?

మన జిల్లాలో కామెర్లు అనగానే పసరు మందు గుర్తొస్తుంది. మా అవ్వ కూడా నేలఉసిరి నూరి ఇచ్చేది. ఆమెను తప్పు పట్టను. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. మంచిపేరు పసరుకు వస్తుంది.

చిక్కంతా మిగతా కామెర్లతోనే. పైత్యనాళంలో రాయి, క్లోమంలో గడ్డ, టీబీ మందుల వల్ల లివర్ దెబ్బతినడం, హఠాత్తుగా లివర్ ఫెయిలవడం, వీటన్నిటికీ కళ్లు ఒకేలా పచ్చబడతాయి. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఎల్‌ఎఫ్‌టీ, ఐఎన్‌ఆర్, ఒక స్కానింగ్, ఈ మూడూ ఒక్కరోజులో అయిపోతాయి. అవి చేయించాక డాక్టరు ‘ఇది దానంతటదే తగ్గుతుంది, విశ్రాంతి తీసుకోండి’ అంటే, అప్పుడు ఇంట్లో మామూలు తిండి తింటూ ఉండండి. ఉప్పు, నూనె మొత్తం మానేసి గంజి తాగించి మనిషిని నీరసపెట్టక్కర్లేదు. గర్భిణికి కామెర్లు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. హెపటైటిస్ ఇ ఆమెకు ప్రాణాంతకం కాగలదు. ఆకు మందులన్నీ లివర్‌కు మంచివే అన్న నమ్మకమూ వదులుకోవాలి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం ఎక్కువగా తాగి లివర్ దెబ్బతిన్న కేసులను డాక్టర్లు నమోదు చేశారు.

తిరుపతిలోనా, వేలూరా, చెన్నయా?

మొదటి మెట్టు పరీక్షలకు ఊరు దాటక్కర్లేదు. రక్తపరీక్షలు, స్కానింగ్ మీ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేయించవచ్చు. అలిపిరి రోడ్డులో ఎస్‌వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, టీటీడీ అండతో 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి ఉంది. స్విమ్స్‌లో జీర్ణకోశ వైద్య విభాగం విడిగా ఉంది. ఓపీ చీటీకి పొద్దున్నే వెళ్లాలి, ఓపిక కావాలి. ఎండోస్కోపీ, అడ్మిషన్ లాంటి ఖర్చులకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవి వర్తిస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి 35 కిలోమీటర్లే, తిరుపతి కంటే దగ్గర. కారణం తేలని జబ్బు, పడుచువాళ్లలో రాగి పేరుకుపోయే విల్సన్ లాంటి అరుదైన జబ్బులు, బయాప్సీ అవసరమైనవాళ్లు నేరుగా అక్కడికి పోవడం మంచిదని నా అభిప్రాయం. లివర్ మార్పిడి దాకా వస్తుందన్నవాళ్లు చెన్నై వైపు చూడాలి. ఆ నిర్ణయం చివరి క్షణంలో తీసుకునేది కాదు. కడుపులో నీరు మొదటిసారి చేరినప్పుడే ‘మార్పిడి గురించి ఎవరిని కలవాలి?’ అని మీ డాక్టర్‌ని అడగండి.

ఎక్కడికి పోయినా పాత కాగితాలు తీసుకుపోండి. నేనిప్పుడు నాయన ఫైలు మొదటి పేజీలో గీతల కాగితం పెట్టి ప్లేట్‌లెట్లు, ఆల్బుమిన్, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, బరువు తేదీలవారీగా రాస్తున్నాను. కొత్త డాక్టరు ముందు ఆ పేజీయే చూస్తారు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

షుగర్ ఉండి నలభై దాటినవాళ్లకు నా సలహా: ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ చేయించి ఫిబ్–4 లెక్క వేయండి, పైన చెప్పిన దారిలో వెళ్లండి. ఫ్యాటీ లివర్‌కు మందు కంటే బరువే ముఖ్యం. బరువులో నూటికి ఏడు నుంచి పది తగ్గితే వాపు, కొందరిలో మచ్చలూ వెనక్కి తగ్గుతాయి. ఎనభై కిలోల మనిషికి అది ఆరు నుంచి ఎనిమిది కిలోలు. రాగి సంగటి మంచిదే, కానీ ముద్ద మీద ముద్ద వేసుకుంటే అదీ పిండిపదార్థమే.

రోజూ తాగేవాళ్లకు ఎంజైములు బాగున్నా ఫైబ్రోస్కాన్ చేయించడం మేలు. మన దగ్గర కాణిపాకం కోనేట్లో మునిగి, వినాయకుడి ముందు ప్రమాణం చేసి తాగుడు మానినవాళ్లు ఎందరో ఉన్నారు. మా వీధిలోనే ఇద్దరున్నారు, వాళ్ల ఇళ్లు నిలబడ్డాయి. ఒక్కటే చెబుతాను. ఏళ్లుగా పొద్దున్నే మొదలుపెట్టి తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు, మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రమాణానికి ముందు డాక్టర్‌ని కలిసి ఆ వారానికి మందులు రాయించుకోండి, ప్రమాణం నిలబడుతుంది.

ఇప్పటికే సిర్రోసిస్ ఉందని తేలినవాళ్లకు ఎంపిక లేదు. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, దానితో పాటు లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించాలి. క్యాన్సర్ గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే నయం చేసే దారులున్నాయి. నాయనకు ఆ తేదీలు మా ఇంట్లో టీటీడీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టాం. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయా అని చూసే ఎండోస్కోపీ విషయంలో చిన్న వెసులుబాటు ఉంది. ఫైబ్రోస్కాన్ కేపీఏ 20 లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే కొందరికి దాన్ని వాయిదా వేయవచ్చని బవేనో అనే నిపుణుల సదస్సు 2021 మార్గదర్శకం చెబుతోంది. ఆ మాట మీ డాక్టరు నోట రావాలి.

ఇవి కనిపిస్తే ఏదీ పోల్చకండి

రక్తపు వాంతి. తారులా నల్లటి, జిగట విరేచనం. కామెర్లు ఉన్న మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకోవడం, మాట తడబడటం, చేతులు చాపితే రెక్కలాడించినట్టు వణకడం. పొట్టలో నీరు ఉన్నవాళ్లకు జ్వరం, కడుపునొప్పి. వీటికి ల్యాబ్ కాదు, ఎమర్జెన్సీ. 108కి ఫోన్ చేసి, లివర్ జబ్బు ఉందని ముందే చెప్పండి. దారిలో నొప్పిమాత్ర వేయకండి. డైక్లోఫెనాక్ లాంటివి రక్తస్రావాన్ని పెంచి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

నాయనకు విరేచనం నల్లగా అయిన రోజు, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాడు కదా, దాని రంగేలే అనుకొని మర్నాడు సాయంత్రం దాకా ఆగాం. ఐరన్ మాత్రతో రంగు మారేది నిజమే. కానీ ఆయనకు ఆ పూటంతా కళ్లు తిరుగుతున్నాయి, లేచి నిలబడితే చెమటలు పట్టాయి. అది చూసైనా మేం కదలాల్సింది.